ఏరి తీసిన ఫొటోలు

గద్వాలలో కెమెరాలకు కరువు లేదు. పెళ్లిళ్లకు తీసేవాళ్లున్నారు, జాతరలో పిల్లల్ని చెక్కగుర్రం మీద కూర్చోబెట్టి తీసేవాళ్లున్నారు. కెమెరాను మైక్రోస్కోపుకు తగిలించి మనిషి ఒంట్లోని కణాల ఫొటో తీసేవాడు మాత్రం ఆ ఊళ్లో శివశంకర్ ఒక్కడే. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా అందరికీ చెప్పుకునేవాడు.

అతను పాత బస్టాండు దగ్గరున్న ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియను. రక్తం, మూత్రం, కఫం పరీక్ష చేసి చెప్పడం అతని పని. గడ్డలోంచి సూదితో లాగినదాన్ని గాజు స్లైడు మీద చూసి, ఇది మంచి గడ్డా చెడ్డ గడ్డా అని తేల్చాలంటే మాత్రం అందుకు చదివిన డాక్టరు ఉండాలి. రెండువేల ఏడులో గద్వాలలో అలాంటి డాక్టరు లేరు. స్లైడు బస్సెక్కి హైదరాబాద్ పోయి, రిపోర్టు తిరిగి వచ్చేసరికి రోగి ఇంటివాళ్ల ప్రాణాలు తోకకొచ్చేవి.

ల్యాబు యజమాని ప్రేమ్ కుమార్ బుర్ర ఉన్న మనిషి. ఒక డిజిటల్ కెమెరా కొన్నాడు. దాన్ని మైక్రోస్కోపుకు బిగించే సామాను ధర విని గుండె ఆగినంత పనై, ఆ తంటా ఏదో నువ్వే పడమని శివశంకర్‌కు వదిలేశాడు. శివశంకర్ సైకిలు ట్యూబు ముక్క కోశాడు. ఒక కొసను కన్ను పెట్టి చూసే గొట్టానికి, ఇంకో కొసను కెమెరా మూతికి తొడిగాడు. వెలుతురు దూరకుండా పైన నల్లగుడ్డ చుట్టాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కితే ఫొటో పడింది. దాన్ని నెట్ సెంటరు నుంచి పంపితే హైదరాబాద్‌లో డాక్టర్ శ్రుతి తన కంప్యూటర్లో చూసి రిపోర్టు పంపేవారు.

ఆ మేడమ్ ఒకసారి ఫోన్లో, "నీ ఫొటోలు పుస్తకంలో అచ్చు వేసుకునేట్టు ఉంటాయి శంకర్" అన్నారు. అంతే, మనవాడి కాళ్లు నేల మీద నిలవలేదు. అప్పటినుంచి స్లైడులో ఎక్కడ రంగు బాగా పట్టిందా, ఎక్కడ కణాలు పలచగా, వరసగా పరుచుకున్నాయా అని వెతికి వెతికి తీసేవాడు. రక్తం కలిసి మందంగా ఉన్న చోట కెమెరాకు బొమ్మ మసకబారుతుంది. అలాంటి చోట్లను పక్కకు జరిపేసేవాడు. రోగం కోసం తీయాల్సిన ఫొటోలు మేడమ్ మెప్పు కోసం తీస్తున్నావురా అని చెప్పేవాళ్లెవరూ ఆ ల్యాబులో లేకపోయారు.

అలా ఉండగా వాళ్లక్క పుష్పమ్మకు రొమ్ములో గడ్డ తగిలింది.

పుష్పమ్మది మగ్గాల గేరి. ఆ వీధిలో మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటే ఆడవాళ్లు నూలు కండెలు చుడతారు. పుష్పమ్మ ఇంట్లో మాత్రం అది తిరగబడింది. పెళ్లయిన కొత్తలో ఆమె చేతివాటం చూసి, మొగుడు గోపాల్ మగ్గం గుంతలోంచి తనే లేచి చోటిచ్చాడు. గేరి వాళ్లు నవ్వినన్నాళ్లు నవ్వారు. ఆమె నేసిన చీరలు చూశాక ఆ నవ్వులు ఆగిపోయాయి. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకిందీ, మహబూబ్‌నగర్ పంపి ల్యాబు కోర్సు చదివించిందీ ఆమే. నోరు కాస్త దురుసు. చెయ్యి మెత్తన.

గడ్డ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మగ్గం ముందుకర్ర ఒత్తుకుని కాయ కాసిందనుకుంది. నేతపనిలో ఒళ్లు ఎక్కడో ఒకచోట కాయ కాయకుండా ఎవరికి ఉంటుంది? చివరికి గోపాలే బలవంతాన దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు సూది గుచ్చి లాగి, స్లైడులు ల్యాబుకు పంపాడు.

అక్క పేరున్న స్లైడుకు శివశంకర్ తనే రంగు వేశాడు. ఊరి దేవత జమ్ములమ్మకు మొక్కుకుని కన్ను పెట్టాడు. మొదటి చూపులోనే కణాలు కనిపించాయి. ఊదారంగులో, ఒకే తీరుగా, ఒకే సైజులో, తేనెపెరలో గదుల్లాగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మంచి గడ్డలో కణాలు అలాగే ఉంటాయని అతనికి తెలుసు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడక్కడే కాస్త అటూ ఇటూ జరిపి, కావలసినన్ని ఫొటోలు తీసి పంపాడు.

"పంపిన ఫొటోలను బట్టి చెడు కణాలు కనిపించలేదు" అని రిపోర్టు వచ్చింది. ఆ వాక్యంలో ముందరి ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. వెనకటి ముక్క విని గోపాల్ గేరి అంతా పేలాలు, బెల్లం పంచాడు.

పుష్పమ్మకు అంతటితో తృప్తి కలగలేదు. "నా లోపలిది నాకు సూపియ్యవారా? ఊరోళ్ల లోపలియన్ని సూస్తుంటివి" అని తమ్ముడి వెంటపడింది. అతను స్టూడియోలో ఒక ఫొటో పెద్దగా కడిగించి తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని గుమ్మం దగ్గర వెలుతుర్లో పట్టుకుని ఎంతసేపో చూసింది.

"ఓరి శంకరా, గిది నాదేనా? గింత ముద్దుగున్నదేంరా!"

ఆ ఫొటో ఆ గేరిలో ఇల్లిల్లూ తిరిగింది. వేరే ఊళ్లో అయితే ఒంట్లో ముక్క ఫొటో చూసి ముక్కు మూసుకునేవాళ్లేమో. అక్కడ అందరూ నేసేవాళ్లు. వాళ్లకు అది రోగంగా కాక డిజైనుగా కనిపించింది. చీరలకు డిజైన్లు గీసే మాసయ్య కళ్లద్దాలు సవరించుకుని, "గదులు గదులు, గదికొక సుక్క. అంచుకు మస్తుంటది బిడ్డా" అన్నాడు. గళ్ల కాగితం మీద గీశాడు. దానికి తగ్గట్టు, ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు బెజ్జాలు కొట్టించి మగ్గానికి వేలాడదీశారు. నూలు ఒంటికి ఆ పట్టు అంచు, జరీతో. ఈ చీర అమ్మకానికి కాదని పుష్పమ్మ అందరితో చెప్పింది. గండం తప్పించింది గనుక వచ్చే జాతరకు జమ్ములమ్మకు కట్టిస్తానంది. గడ్డ తగ్గిందా అని ఎవరైనా అడిగితే, "యాడ తగ్గె? ఉన్నకాడనే ఉన్నది. మంచిదే అంటిరి గద, ఉండనీ" అని నవ్వేది.

ఎండలు పోయి వానలు పడ్డాయి. ప్రేమ్ కుమార్ వనపర్తిలో ఇంకో ల్యాబు తెరిచే హడావిడిలో ఉన్నాడు. గుమ్మం దగ్గర పెట్టడానికి పెద్ద ఫొటో కావాలన్నాడు.

"నువ్వు తీసిన వాట్ల అన్నిటికన్న ముద్దుగున్నది ఇయ్యి శంకర్. గోడంత కొట్టిద్దాం. చూసినోడు ఆగిపోవాలె."

శివశంకర్ ఆలోచించాల్సిన పనే లేకపోయింది. అక్క స్లైడును మించినది అతని దగ్గర లేదు. అయితే అప్పుడు నెట్లో తొందరగా పోవాలని ఫొటోలను చిన్నవి చేసేశాడు. గోడంత పెద్దది చేస్తే అవి చుక్కలు చుక్కలుగా పగిలిపోతాయి. మళ్లీ తీయాలి. స్లైడు బయటికి తీసి, దుమ్ము తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. పాత చోటు దొరికింది. ఇంకా వెడల్పైన తేనెపెర ఎక్కడైనా ఉందేమోనని కుడి పక్కకు జరిపాడు. ఒక రక్తపు మరక అడ్డొచ్చింది. దాన్ని దాటాడు.

అవతల కణాలు వరస తప్పి ఉన్నాయి. ఒకటి చిన్నది, పక్కది దానికి మూడింతలు. ఒకదాని మీద ఒకటి పడి గుంపు కట్టి ఉన్నాయి. నడుమ ఉండే గింజ ఉబ్బి, నల్లబడి, కణమంతా అదే నిండి ఉంది. గుంపులోంచి విడిపోయినవి అటొకటి ఇటొకటి చెదిరి ఉన్నాయి.

శివశంకర్ తల పైకెత్తాడు. కటకం మీద మురికి ఉందేమోనని మెత్తటి గుడ్డతో తుడిచాడు. మళ్లీ చూశాడు. స్లైడు బయటికి తీసి పేరు చదివాడు. అక్క పేరే. రెండో స్లైడు పెట్టాడు. అందులోనూ ఒక మూల అవే ఉన్నాయి. అతను డాక్టరు కాకపోవచ్చు, కానీ ఇన్నేళ్లలో ఇలాంటివి చూశాడు, వాటికి ఏం రిపోర్టు వస్తుందో కూడా చూశాడు.

స్టూలు మీద అలాగే కూలబడ్డాడు. చిన్నప్పుడు తమ ఇంట్లో నేసిన చీరలు మడత పెట్టడం అతని వంతుగా ఉండేది. పోగు తెగిన చోటు, అంచు ముడిపడిన చోటు లోపలి మడతలోకి పోవాలి, కొంగు నిగనిగలాడుతూ పైకి రావాలి. ఆ విద్య తండ్రి నేర్పాడు. బేరగాడి ముందు చీర పరిచినప్పుడు అదేమీ మోసం కాదు, ఇంటింటా అలాగే చేస్తారు. ఆ చేతులనే అతను ల్యాబుకు తెచ్చుకున్నాడు. స్లైడు మీద కూడా బాగున్నది పైకి, బాగాలేనిది లోపలికి. ఇన్నాళ్లూ దాన్నే పనితనమనుకున్నాడు.

అంతకంటే పాడు అనుమానం ఒకటి అతన్ని పట్టుకుంది. ఆ రోజు ఈ రక్తపు మరక దాకా వచ్చినట్టు గుర్తుంది. స్లైడును జరిపే మర తిప్పినట్టు గుర్తుంది. అవతల ఏం కనిపించిందో మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. చూడలేదా? చూసి, చూడనట్టు వెనక్కి వచ్చేశాడా? తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రేమ్ కుమార్‌ను పిలిచి చూపించాడు. ఆయన కన్ను పెట్టి చూసి లేచాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"పరేషాన్ గాకు. రిపోర్టు మీద ఉన్నది మేడమ్ సంతకం, మనది కాదు."

"ఆమెకు పంపింది నేను గద సార్."

"నాకు తెల్వదా? జర ఇను. వనపర్తిది తెరవనియ్యి. ఆ తర్వాత అక్కను పిలిచి మల్ల సూది పరీక్ష చేపిద్దాం. కొత్తగ వచ్చిందని చెప్దం. ఆమెకు కావల్సిన వైద్యం ఆమెకు అందుతది, మన పేరు మనకుంటది. ఇప్పుడు ఫొటో తప్పు తీసినమని చెప్పుకుంటే ఎవడన్న మన గడప తొక్కుతడా? ఎవలికేం నష్టం చెప్పు?"

శివశంకర్‌కు ఆ మాట తీయగానే వినిపించింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ నిజం. అక్క ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాల్సిన పని తప్పుతుంది. అప్పటిదాకా ఆ నల్లటి గుంపులు అక్క ఒంట్లో ఊరికే కూర్చుంటాయా అన్న ఆలోచన వచ్చేసరికి ఆ తీపి విరిగిపోయింది. ఇప్పటికే ఒక కాలం గడిచిపోయింది. శివశంకర్ కెమెరా మళ్లీ తగిలించాడు. మసకగా వచ్చినా, వంకరగా వచ్చినా, అంచునుంచి అంచుదాకా ఒక్క చోటూ వదలకుండా రెండు స్లైడులూ తీశాడు. నెట్ సెంటరులో ఒక్కొక్క ఫొటో పోయేదాకా బల్ల పట్టుకుని కూర్చున్నాడు. పక్క కంప్యూటర్లో ఎవరో ఎంసెట్ ర్యాంకులు చూసుకుంటూ కేకలు పెడుతున్నారు.

మధ్యాహ్నం తిరగకముందే శ్రుతి మేడమ్ ఫోన్ చేశారు.

"ఇవి అదే స్లైడులోవా శంకర్?"

"అవును మేడమ్."

"అప్పుడెందుకు పంపలేదు?"

"అక్కడ మందంగా ఉంది మేడమ్. ఫొటో క్లియర్‌గా రాదని..."

ఆవిడ గొంతు మారింది. "క్లియర్‌గా లేనిచోటే నేను చూడాలయ్యా. అన్నీ చక్కగా ఉంటే నాతో ఏం పని? నీ ఫొటోలు బాగుంటాయని మురిసిపోయాను గానీ, ఏరి పంపుతున్నావేమో అని ఒక్కసారీ అడగలేదు. అది నా తప్పు. సరే, అదంతా తర్వాత. ఆమెను రేపే తీసుకురా. స్లైడులన్నీ తీసుకురా. ఆలస్యం చేయొద్దు."

"బతుకుతుందా మేడమ్?"

"చూడకుండా చెప్పను. ఒకసారి చెప్పింది చాలు."

స్లైడులను దూది పరిచిన ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకుని మగ్గాల గేరికి నడిచాడు. సైకిలు ఉంది, ఎక్కబుద్ధి కాలేదు. గేరి మొదట్లోనే అక్క మగ్గం చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఎన్ని మగ్గాల్లో ఉన్నా అతను గుర్తుపడతాడు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే పుష్పమ్మ మొహం వెలిగింది. "రారా, రా. నీ ఫొటో ఎంత దూరమొచ్చిందో సూద్దువు రా."

మగ్గం మీద చీర సగం దాటింది. రెండు పక్కలా అంచులో గదులు గదులు, గదికొక జరీ చుక్క. ఆ వరసలో ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు. శివశంకర్‌కు దాన్ని చూడటం చేతకాలేదు.

"అక్కా, జర మగ్గం ఆపు."

"ఏమైందిరా? మొకం గట్లున్నదేంది?"

"నీ గడ్డ మంచిది కాదక్కా."

మూలన కండెలు చుడుతున్న గోపాల్ చేతిలో రాట్నం ఆగింది. పుష్పమ్మ తమ్ముణ్ణే చూస్తూ, "మంచిదని నువ్వే గదరా చెప్తివి" అంది.

"ముద్దుగున్న తావే ఫొటో తీసిన. పక్కకు ఇంకో తావుండె. అది తియ్యలే, మేడంకు పంపలే. ఇయ్యాల సూసిన. పంపిన. రేపే తోలుకరమ్మన్నది."

గోపాల్ ఒక్క ఉదుటున లేచాడు. "ఎన్ని దినాలాయెరా! పేలాలు పంచితి గదరా గేరంత! నీ సదువు మన్నుగాను!" చెయ్యి ఎత్తాడు కూడా. పుష్పమ్మ "ఆగయ్యా" అంటే ఆగాడు. ఆగి, గోడకు ఆనుకుని మొహం అటు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

పుష్పమ్మ గుంతలోంచి కదల్లేదు. నేసినంత మేర అంచు మీద అరచెయ్యి పెట్టి ఉంచింది.

"ఒక్కటి చెప్పు శంకరా. ఆ తావు నీకు కనపడలేదా? కనపడినంక జరిపినవా?"

కనపడలేదు అంటే అయిపోయేది. ఆమె నమ్మేది. నమ్మాలనే అడుగుతున్నట్టు ఉంది.

"తెల్వదక్కా."

"సూసేది నీ పనిరా. నీకే తెల్వదంటే ఇంగెవలికి తెల్వాలె?"

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా, లేచి రెండు పీకినా అతను తట్టుకునేవాడు. మోకాళ్ల మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ చెప్పాడు. "నీ పేరు సూసి భయపడిన అక్కా. మంచిగున్న తావు కనపడంగనే పానం లేచొచ్చింది. ఇంగ పక్కకు పోబుద్ధి కాలే. నువ్వు మంచిగుండాలె అనే ఆశ తప్ప నాకు ఇంకోటి లేకుండె."

"నా మీద ప్రేమతోని, పాయిరంతోని చేసినవన్నట్టు."

అతను తలూపాడు.

"పాయిరమున్నోడు ఇంకో నాలుగు తావులు సూస్తుండె గదరా."

బయట ఏదో ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంది. పుష్పమ్మ గుంత అంచు పట్టుకుని మెల్లగా లేచింది. లేస్తుంటే చెయ్యి తనంతట తనే రొమ్ము దగ్గరికి పోయింది. అక్కడ కొంచెంసేపు ఉండి దిగింది.

"తెచ్చినవా అవి?"

అతను జేబులోంచి డబ్బీ తీశాడు. ఆమె తీసుకుని, మూత గట్టిగా ఉందో లేదో చూసి, కొంగున ముడి వేసుకుంది.

"ఆ దవాఖాన యాడున్నదో, ఎట్ల పోవాల్నో మీ బావకు చెప్పు. పొద్దుగాల బస్సుకు మేమిద్దరం పోతం."

"నేను రానా అక్కా? ఆడ నీకేం తెల్వది. డాక్టర్లు చెప్పేది నేను నీకు ఇడమరిచి చెప్త."

"వద్దు తమ్మీ." ఎన్నో ఏళ్ల తర్వాత అతన్ని ఆ పిలుపు పిలిచింది. చెయ్యి చాపి అతని తల నిమిరింది కూడా. "నువ్వు రావద్దు. ఆమె ఏం చెప్తదో నా చెవులతోని నేనే ఇంట. నువ్వు నడుమ ఉంటే, మంచి మాట ఒక్కటే ఏరి నాకు చెప్తవు."

శివశంకర్ కళ్లు తుడుచుకుని, గోడ దగ్గరున్న గోపాల్ పక్కకు పోయి, హైదరాబాద్‌లో ఎక్కడ బస్సు దిగాలో చెప్పడం మొదలుపెట్టాడు.